తిరుపతిలో నేవీ అగ్నివీర్ కోచింగ్: ఆదివారం ఓడ ప్రమాదాల క్లాసు కోసమైనా చేరండి

తిరుపతిలో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. డీఎస్సీ, బ్యాంకు, కానిస్టేబుల్, రైల్వే, ఏది కావాలన్నా అన్నమయ్య సర్కిల్ నుంచి బైరాగిపట్టెడ దాకా నడిచి పోతే బోర్డులే బోర్డులు. నేవీ అగ్నివీర్‌కు విడిగా చెప్పే చోట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసిన మా మనవరాలిని వాటిలో ఒకదాంట్లో చేర్పించాం. బైరాగిపట్టెడలో నేవీ చీఫ్ సార్ క్లాసు యాడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. పాకాల వైపు మనిషి. నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరై వచ్చి, ఒక మేడ పైభాగం అద్దెకు తీసుకొని పాఠాలు చెబుతున్నారు. పేరు వేయొద్దని ఆయనే అడిగారు, అందుకని వేయడం లేదు. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఆ నాలుగులో ఎక్కువ భాగం ఆదివారం సాయంత్రం క్లాసుకే.

మామూలు విషయాలు ముందు చెప్పేస్తాను. ఫీజు 12,000, రెండు విడతల్లో కట్టొచ్చు, రసీదు ఇస్తారు. రాత పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. ఇంగ్లిష్, సైన్స్, లెక్కలు, జనరల్ అవేర్‌నెస్ కలిపి గంటలో 100 ప్రశ్నలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. లెక్కలు చెప్పే సార్ ఓపిక గల మనిషి, అడిగినన్ని సార్లు చెబుతారు. ఫిజిక్స్ పర్వాలేదు. ఇంగ్లిష్ బాగా బలహీనం. గ్రామర్ రూల్స్ రాయించి వదిలేస్తున్నారు, పిల్లల నోట ఒక్క వాక్యం పలికించడం లేదు. తెల్లవారుజామున యూనివర్సిటీ వైపు పరుగుకు తీసుకెళతారు. అమ్మాయిలు 1.6 కిలోమీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. మా పాపకు మొదట్లో ఆయాసం వచ్చేది, ఇప్పుడు హాయిగా పరుగెత్తుతోంది. ఇవన్నీ కాస్త అటూ ఇటూగా ఇతర సెంటర్లలోనూ దొరుకుతాయి.

ఆదివారం క్లాసు ఇంకెక్కడా దొరకదు. పరీక్షలో దాని నుంచి ఒక్క ప్రశ్న కూడా రాదు. ఓడ ఎందుకు గుద్దుకుంది, ఎందుకు ఒడ్డుకెక్కింది, ఎందుకు తగలబడింది, ఆ తర్వాత ఎవరు జవాబు చెప్పారు, ఎవరు చెప్పకుండా తప్పించుకున్నారు. ఇదీ పాఠం. తల్లిదండ్రులు వెనక బెంచీల్లో కూర్చోవచ్చు. నేను బస్సు డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఘాట్ రోడ్డు మీద కొత్తవాళ్ల పక్కన కూర్చొని బండి ఎక్కించడం, దింపడం నేర్పించాను. ప్రమాదాల విచారణల్లో కూడా కూర్చున్నాను. అందుకని పాపను దింపి వెళ్లిపోదామని వచ్చినవాణ్ణి అక్కడే ఉండిపోయాను. ఇప్పుడు ఆదివారం వస్తే పాపకంటే ముందు నేనే చెప్పులు వేసుకుంటున్నాను.

మొదట నేను విన్నది ఫిట్జ్‌జెరాల్డ్ అనే అమెరికా యుద్ధనౌక (డిస్ట్రాయర్ రకం) కథ. 2017 జూన్ 17, రాత్రి ఒంటిగంటన్నర. జపాన్ తీరానికి దగ్గర్లో పోతున్న ఆ ఓడకు కుడి పక్కనుంచి ఏసీఎక్స్ క్రిస్టల్ అనే కంటైనర్ ఓడ వస్తోంది. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం రెండు ఓడల దారులు అడ్డంగా కలిసేటప్పుడు, ఎవరికి కుడిపక్కన అవతలి ఓడ కనిపిస్తోందో వాళ్లే తప్పుకొని దారి ఇవ్వాలి. ఇక్కడ ఆ పని యుద్ధనౌకది. చేయలేదు. కంటైనర్ ఓడ ముందుభాగం వచ్చి డిస్ట్రాయర్ కుడిపక్కను చీల్చేసింది. నీటిమట్టానికి కింద నావికులు పడుకునే ఒక గదిలో అప్పుడు 35 మంది ఉన్నారు. నిమిషం, నిమిషంన్నరలో గది నిండిపోయింది. 28 మంది బయటపడ్డారు. ఏడుగురు అక్కడే పోయారు. కెప్టెన్ తన కేబిన్‌లో నిద్రలో ఉన్నాడు. ఆ కేబిన్ కూడా నుజ్జయింది, ఆయన్ను ఓడ పక్కకు వేలాడుతుండగా లోపలికి లాగి కాపాడారు.

ఇంతవరకూ చెప్పి చీఫ్ సార్ ఆగారు. "కెప్టెన్ నిద్రపోతా ఉన్నాడు. బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపించే గదిలో, డ్యూటీలో వేరే ఆఫీసర్ ఉంది. తప్పు ఎవురిది, చెప్పండి" అన్నారు. పిల్లలందరూ డ్యూటీ ఆఫీసర్‌దే అన్నారు. ముందు బెంచీలో ఉన్న పుత్తూరు అబ్బాయి ఒక్కడే, "నిద్రపోయే మనిషిని ఎట్ల తప్పు పట్టేది సార్?" అని ఎదురడిగాడు.

ఆయన విచారణలో తేలిన విషయాలు ఒక్కొక్కటిగా బోర్డు మీద రాశారు. ఇతర ఓడలు దగ్గరికి వస్తే లేపండి అని కెప్టెన్ రాతపూర్వకంగా ఆదేశాలు ఇచ్చి ఉన్నాడు. డ్యూటీ ఆఫీసర్ లేపలేదు. కళ్లతో చూసే కాపలా ఎడమపక్క మాత్రమే పెట్టారు, కుడిపక్క ఎవరూ లేరు. పైన బ్రిడ్జి మీద ఉన్నవాళ్లకు, కింద రాడార్ తెరల ముందు కూర్చున్న బృందానికి మధ్య మాటల్లేవు. ఇదంతా రాశాక పుత్తూరు అబ్బాయి వైపు తిరిగి, "నాయనా, ఓడలో ఆయన మేలుకోని ఉన్నా ఆయన్దే, నిద్రపోయినా ఆయన్దే. ఎవుర్ని నిలబెట్టి నిద్రపోయినాడు? వాళ్లకు పని వచ్చా రాదా చూసినాడా? అర్ధరాత్రి తలుపు కొడితే కసురుకుంటాడేమో అని వాళ్లు భయపడకుండా చేసినాడా? ఇవన్నీ నిద్రపోకముందు చేయాల్సిన పనులు" అన్నారు.

నా ఉద్యోగ జీవితంలో బాధ్యత గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. ఇది పద్దెనిమిదేళ్ల పిల్లలకు చెబుతున్నారు. నేవీలో చేరితే వీళ్లు కెప్టెన్లు కారు, నావికులు అవుతారు. ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో శిక్షణ అయ్యాక, నాలుగేళ్ల సర్వీసులో లుకౌట్‌గా, అంటే కళ్లతో చూసే కాపలాగా నిలబడేది, స్టీరింగ్ పట్టేది వీళ్లే. కెప్టెన్ బాధ్యత గురించి వీళ్లకెందుకు అని ఒక తండ్రి అడిగారు కూడా. చీఫ్ సార్ జవాబు నాకు నచ్చింది: తలుపు కొట్టాల్సింది వీళ్లే కాబట్టి. కుడిపక్క లైటు కనబడుతోంది అని గట్టిగా చెప్పాల్సిన గొంతు వీళ్లదే కాబట్టి. కింద నోరు పెగలకపోతే పైన ఎంత బాధ్యత రాసిపెట్టినా ఓడ గుద్దుకుంటుంది.

ఆ గొంతు తెప్పించడానికి ఆయన చేయించే అభ్యాసం ఈ సెంటర్‌లో అన్నిటికంటే మంచి పని. చీకటి పడ్డాక పిల్లల్ని మిద్దె మీదికి తీసుకెళతారు. ఒక మూల ఇద్దరు రంగు కాగితాలు చుట్టిన టార్చిలు పట్టుకొని నిలబడతారు. ఓడకు ఎడమపక్క ఎర్ర లైటు, కుడిపక్క పచ్చ లైటు, స్తంభం మీద తెల్ల లైటు. కనిపించే రంగును బట్టి అవతలి ఓడ ఎటు పోతోందో చెప్పాలి. ఊరికే చెబితే కాదు, ఏ దిశలో, ఏ రంగు, దగ్గరవుతోందా దూరమవుతోందా, అన్నీ ఒకే ఊపిరిలో, మిద్దె అవతలి చివరకు వినబడేలా పలకాలి. అక్కడినుంచి చూస్తే ఘాట్ రోడ్డు మీద దిగే బండ్ల లైట్లు కనబడతాయి. వాటిని చూపించి, పిట్టగోడ మీద వేలు ఆనించి, ఒక లైటు ఆ వేలికి నేరుగా కదలకుండా ఉండిపోయి పెద్దదవుతూ ఉంటే అది నీ మీదికే వస్తోందని గుర్తు అని నేర్పించారు. దిశ మారకుండా దూరం తగ్గితే గుద్దుకోవడమే. సముద్రంలో రాడార్ ఉన్నా లేకపోయినా పనికొచ్చే సూత్రం ఇది. ఇంట్లో గట్టిగా మాట్లాడని మా పాప మిద్దె మీద అరిచి చెబుతుంటే పక్కింటివాళ్లు తొంగి చూశారు. సార్ వాళ్లకు ముందే చెప్పి పెట్టారట, ఎవరూ ఏమీ అనలేదు.

రెండో పెద్ద పాఠం అదే 2017లో ఆగస్టు 21న జరిగిన జాన్ ఎస్. మెకెయిన్ అనే అమెరికా యుద్ధనౌక ప్రమాదం. సింగపూర్ జలసంధి దగ్గర, తెల్లవారు 5 గంటల 24 నిమిషాలకు ఆల్నిక్ ఎంసీ అనే ట్యాంకర్‌తో గుద్దుకుంది. పదిమంది నావికులు పోయారు. ఈసారి కెప్టెన్ నిద్రపోలేదు, బ్రిడ్జి మీదే ఉన్నాడు. స్టీరింగ్ పట్టినవాడు తడబడుతున్నాడని గమనించి, వేగం చూసే పనిని పక్కనున్న ఇంకొకరికి ఇమ్మని చెప్పాడు. టచ్ స్క్రీన్ మీద మార్చేటప్పుడు వేగంతో పాటు స్టీరింగ్ కూడా పక్క కన్సోల్‌కు, అంటే పక్కనున్న కంట్రోల్ బల్లకు వెళ్లిపోయింది. మొదటివాడు స్టీరింగ్ పోయిందనుకున్నాడు. వేగం తగ్గించమంటే రెండు ప్రొపెల్లర్లలో ఒకదాని వేగమే తగ్గింది, ఓడ ఎడమకు తిరిగి ట్యాంకర్ దారిలోకి వెళ్లింది. ఆ బృందంలో కొందరు యాంటీటమ్ అనే మరో ఓడ నుంచి తాత్కాలికంగా వచ్చినవాళ్లు. ఆ ఓడలో కన్సోల్ వేరే రకం. కొత్త బండి ఇచ్చి గేరు ఎటుందో చూపించకుండా డ్రైవర్‌ను ఘాట్ ఎక్కించడం లాంటిదే ఇది. తర్వాత అమెరికా నేవీ వేగం పెంచి తగ్గించే ఆ టచ్ స్క్రీన్ థ్రాటిళ్లు తీసేసి చేత్తో పట్టుకునేవి పెట్టాలని నిర్ణయించింది.

ఇక్కడ చీఫ్ సార్ పాఠం ఆపి ఉంటే నేను ఈ రివ్యూ రాసేవాణ్ణి కాదు. మెకెయిన్ కెప్టెన్ 2018లో కోర్టు మార్షల్‌లో విధి నిర్లక్ష్యం నేరాన్ని ఒప్పుకున్నాడు. ఫిట్జ్‌జెరాల్డ్ కెప్టెన్‌ను పదవి నుంచి తీసేశారు, నిర్లక్ష్యం వల్ల మరణాలు జరిగాయని కేసు పెట్టారు, చివరకు ఆ కేసులు ఉపసంహరించి అభిశంసన లేఖతో సరిపెట్టారు. ఆయన ఆ పదవిలోకి వచ్చి అప్పటికి సుమారు నెల రోజులే. సార్ బోర్డు మీద ఇంకో వరస రాశారు: అదే ఏడాది జనవరిలో యాంటీటమ్ టోక్యో అఖాతంలో నేలకు తగిలింది, మే నెలలో లేక్ చాంప్లెయిన్ కొరియా చేపల పడవను గుద్దింది, జూన్‌లో ఫిట్జ్‌జెరాల్డ్, ఆగస్టులో మెకెయిన్. నాలుగూ ఒకే నౌకాదళ విభాగం, సెవెంత్ ఫ్లీట్ పరిధిలోనే. "నాలుగు ఓడలు, నలుగురు కెప్టెన్లు. నలుగురూ చేతకానోళ్లేనా? లేకపోతే వాళ్లను పంపినోళ్లు ఏమన్నా చేసినారా?" అని అడిగారు.

జపాన్ కేంద్రంగా ఉన్న ఓడల్లో శిక్షణ సర్టిఫికెట్ల గడువు తీరిపోయినా డ్యూటీకి పంపుతూ వచ్చారని, నావికులు వారానికి వంద గంటల దాకా పని చేస్తున్నారని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. మెకెయిన్ ప్రమాదం జరిగిన రెండు రోజులకు సెవెంత్ ఫ్లీట్ అధిపతి వైస్ అడ్మిరల్ జోసెఫ్ అకాయిన్‌ను తొలగించారు. రెండేళ్ల తర్వాత అమెరికా రవాణా భద్రతా బోర్డు మెకెయిన్ ప్రమాదానికి కారణంగా రాసింది కూడా ఒక మనిషి పేరు కాదు. శిక్షణ చాలకపోవడం, బ్రిడ్జి మీద పద్ధతులు సరిగా లేకపోవడం, నేవీ పర్యవేక్షణ లోపించడం.

నేను పనిచేసిన చోట విచారణ ఫారంలో డ్రైవర్ పేరు, లైసెన్సు, వేగం, బ్రేకు కండిషన్, రోడ్డు తడిగా ఉందా పొడిగా ఉందా, అన్నిటికీ గడులుండేవి. ఆ డ్రైవర్ ముందు రోజు ఎన్ని గంటలు బండి నడిపాడు అన్నదానికి గడి ఉండేది కాదు. నేను శిక్షణ ఇచ్చిన ఒక కుర్రాడు, పలమనేరు వైపు పిల్లవాడు, డబుల్ డ్యూటీ తర్వాత దిగుడులో పిట్టగోడకు తగిలించాడు. ప్రాణాలు పోలేదు, కొందరికి దెబ్బలు తగిలాయి. అతన్ని ఇంటికి పంపారు. డ్యూటీ చార్టు వేసినవాళ్లను ఒక్క మాట అడగలేదు. ఆ చార్టు జత చేయమని నేను రాసి ఇచ్చిన కాగితం ఫైల్లోంచి మాయమైంది. బండి అతని చేతిలో ఉంది, అతను జవాబు చెప్పాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అతనితోనే ఆగిపోయిన విచారణ వచ్చే ప్రమాదాన్ని ఆపలేదు; అదే మలుపులో, అలాంటి డ్యూటీ మీదే, ఇంకొకరు తగిలించారు. అందుకే చీఫ్ సార్ బోర్డు మీద కెప్టెన్ పేరు పైన గీత గీసి, దాని పైన ఇంకా గడులు వేసి, ఒక్కోదాంట్లో ప్రశ్న రాస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

మన నేవీ ప్రమాదాలు కూడా దాచకుండా చెబుతారు. 2006 ఏప్రిల్‌లో గోవా దగ్గర ఐఎన్‌ఎస్ ప్రహార్ ఒక కంటైనర్ ఓడను గుద్దుకొని మునిగింది. అదృష్టం, అందరూ బతికారు. 2011 జనవరిలో ముంబై రేవు దారిలో వింధ్యగిరి వాణిజ్య ఓడతో గుద్దుకొని, నిప్పంటుకొని, మరునాడు రేవులోనే మునిగింది. 2013 డిసెంబర్‌లో తల్వార్ చేపల పడవను గుద్దింది. 2014 జనవరి చివర్లో ఐరావత్ మన విశాఖపట్నం దగ్గరే నేలకు తగిలింది. కమాండింగ్ ఆఫీసర్‌ను బాధ్యతల నుంచి తప్పించారు. తల్వార్ విషయంలోనూ అంతే. ఇవి సార్ త్వరగా చెప్పి, సింధు జలాంతర్గాముల దగ్గర ఆగారు. 2013 ఆగస్టు 14న అర్ధరాత్రి దాటగానే ముంబైలో సింధురక్షక్‌లో పేలుళ్లు జరిగి 18 మంది పోయారు. 2014 ఫిబ్రవరి 26న సింధురత్న సముద్రంలో ఉండగా మంటలు, పొగ. ఇద్దరు ఆఫీసర్లు లోపలే చనిపోయారు. ఆ రోజే నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి రాజీనామా చేశారు. గత కొన్ని నెలల్లో వరసగా జరిగిన ప్రమాదాలకు నైతిక బాధ్యత తనదన్నారు. ప్రభుత్వం అదే రోజు ఆమోదించింది.

చెప్పేటప్పుడు సార్ గొంతు మారింది. ఆయన అప్పటికింకా యూనిఫాంలో ఉన్నారట. కొర్లగుంట అమ్మాయి ఒకరు, "ఆయన ఆ సబ్‌మెరైన్‌లో లేరు కదా సార్, ఆయన్నెందుకు?" అని అడిగింది. సార్ లాల్ బహదూర్ శాస్త్రి గారి సంగతి చెప్పారు. 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదానికి ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు; అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడులో అరియలూరు ప్రమాదం జరిగాక మళ్లీ ఇచ్చారు, అప్పుడు ఒప్పుకున్నారు. శాస్త్రి గారు ఆ రైలు నడపలేదు కదమ్మా అని సార్ అన్నారు. అమ్మాయి తల ఊపింది.

ఈ ఒక్క చోట నేను ఆయనతో ఏకీభవించను. క్లాసు అయ్యాక ఆయనకే చెప్పాను. జోషి గారిది పెద్ద మనసు, సందేహం లేదు. కానీ రాజీనామాను అంత తొందరగా తీసుకోవడం వల్ల అసలు ప్రశ్న అక్కడే పల్చబడిపోయింది. జలాంతర్గాములు పాతబడ్డాయి, కొత్తవి ఆలస్యమయ్యాయి, మరమ్మతులకు, విడిభాగాలకు డబ్బు ఎవరు ఎప్పుడు మంజూరు చేయాలి అన్నది నౌకాదళాధిపతి ఒక్కరి చేతిలోది కాదు. రక్షణ మంత్రి పదవిలోనే ఉన్నారు. కొత్త అధిపతి ఏప్రిల్‌లో గానీ రాలేదు. తల వంచిన మనిషి వెళ్లిపోయాడు, తల వంచనివాళ్లను ఎవరూ అడగలేదు. చీఫ్ సార్ విని, "మీరు చెప్పేది నిజమే అన్నా, కానీ ఒక్కరన్నా వంచాలి గదా ముందు" అన్నారు. మేమిద్దరం దీని మీద టీ కొట్టు దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాం, ఇంకా తెగలేదు.

నా మాటకు బలం ఇచ్చే కథ కూడా ఆయన పాఠంలోనే ఉంది, ఇండియానాపొలిస్ అనే అమెరికా యుద్ధనౌక కెప్టెన్ చార్లెస్ మెక్‌వేది. 1945 జూలై 30న జపాన్ జలాంతర్గామి ఆ ఓడను ముంచింది. సుమారు 1,200 మందిలో 316 మంది మిగిలారు. ఓడ రాలేదని ఎవరూ గమనించలేదు. నాలుగు రోజులు నీళ్లలో ఉన్నవాళ్లు ఒక విమానం కంట యాదృచ్ఛికంగా పడ్డారు. గమనించనివాళ్లను వదిలేసి, జలాంతర్గామికి చిక్కకుండా ఓడను వంకరటింకరగా నడపలేదని కెప్టెన్‌ను కోర్టు మార్షల్ చేశారు. ఓడను ముంచిన జపాన్ కమాండర్ హషిమోతోనే వచ్చి, అలా నడిపినా తేడా ఉండేది కాదని సాక్ష్యం చెప్పాడు. అయినా శిక్ష పడింది. మెక్‌వే 1968లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఫ్లోరిడాలో ఒక స్కూలు పిల్లవాడు చరిత్ర ప్రాజెక్టు కోసం ఈ విషయం తవ్వి తీయడంతో మళ్లీ కదలిక వచ్చి, 2000లో అమెరికా కాంగ్రెస్ ఆయన తప్పు లేదని తీర్మానించింది. ఆ రోజు ఇంటికొచ్చే దారంతా మా పాప ఏమీ మాట్లాడలేదు. తిరుచానూరు రోడ్డు దాటాక, "తాతా, ఆ స్కూలు పిల్లోడు నాకంటే చిన్నోడు" అంది.

న్యూజిలాండ్ నేవీ ఓడ మనవనుయ్ 2024 అక్టోబర్‌లో సమోవా దగ్గర దిబ్బకెక్కి మునిగిన సంగతి కూడా చెప్పారు. ఆటోపైలట్ ఆన్‌లో ఉన్నట్టు బ్రిడ్జి మీద ఎవరూ గుర్తించలేదు, 75 మందీ బతికారు. నార్వే యుద్ధనౌక హెల్గె ఇంగ్‌స్టాడ్ 2018 నవంబర్‌లో ట్యాంకర్‌ను గుద్దింది. వెలుగుతున్న ట్యాంకర్‌ను ఒడ్డున ఉన్న టెర్మినల్ అనుకున్నారు, డ్యూటీ ఆఫీసర్ అప్పుడు పక్కన ఇంకొకరికి శిక్షణ కూడా ఇస్తున్నాడు. కోర్టు శిక్ష ఆ యువ ఆఫీసర్‌కు పడింది. ఇవి రెండూ ఒకే సాయంత్రంలో ముగించారు, నాకు చాలలేదు. ముఖ్యంగా నార్వే ఓడ మీద ఒక క్లాసంతా పెట్టొచ్చు. నేర్పుతూ నడపడంలో ఉన్న ప్రమాదం నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు.

ఇక లోపాలు. ఆదివారం క్లాసు నోట్సు మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది, అదీ జిరాక్సు మసకగా. నోటితో తెలుగులో అంత బాగా చెప్పే మనిషి కాగితం మీద తెలుగు ఎందుకు పెట్టరో అర్థం కాదు. జీడీ నెల్లూరు, పాకాల నుంచి వచ్చే పిల్లలు సగం పదాల దగ్గర ఆగిపోతున్నారు. రెండోది, విశాఖ తీరంలో 2014 నవంబర్ 6న మునిగిన టార్పెడో రికవరీ వెసెల్ (అభ్యాసంలో వదిలిన టార్పెడోలను ఏరి తెచ్చే నౌక) గురించి ఆయన ఒక్క ముక్క కూడా చెప్పలేదు. హుద్‌హుద్ తుపాను వచ్చి నెల కూడా తిరగని రోజులవి. ఒకరు చనిపోయారు, నలుగురు దొరకలేదు. పెద్ద ఓడల పేర్లు మోగుతాయి గానీ, ఇలాంటి సహాయక నౌకల మీద పనిచేసే మనవాళ్ల సంగతి తెలుగు పిల్లలకు తెలియాలి. మూడోది, క్లాసు రాత్రి ఎనిమిదిన్నర దాటుతోంది. అమ్మాయిలు ఒంటరిగా ఆటోలు వెతుక్కుంటున్నారు. దగ్గర ఊళ్ల పిల్లలకు ఆ వేళ బస్సులు తక్కువ. గంట ముందుకు జరపమని అడిగాం, చూస్తామన్నారు. మిద్దె మెట్ల దగ్గర లైటు కూడా పెట్టాలి. రాత్రి లైట్లు గుర్తుపట్టడం నేర్పే చోట మెట్లు చీకటిగా ఉండకూడదు.

మా బంధువుల పిల్లవాడు ఇంతకుముందు ఇంకో సెంటర్‌లో చేరాడు. అక్కడ బిట్లు తప్ప ఏమీ లేవు. యూనిఫాం ఫొటోలు, కటౌట్లు, సెలెక్టైనవాళ్ల ఊరేగింపు. ఓడలో జరిగే ప్రమాదాల గురించి అడిగితే పిల్లలు భయపడతారని మాట దాటేశారట. ఇక్కడ పిల్లలు భయపడగా నేను చూడలేదు. పాఠం అయ్యాక ఎక్కువ ప్రశ్నలు అడుగుతున్నారు, మిద్దె మీద ఇంకా గట్టిగా అరుస్తున్నారు.

మార్కులు, ర్యాంకులు మాత్రమే కావాలంటే ఈ ఫీజుకు ఇంతకంటే మంచి ఇంగ్లిష్ చెప్పే చోట్లు ఊళ్లో ఉన్నాయి. మీ పిల్లలు నిజంగా ఓడ ఎక్కబోతున్నారని మీరు నమ్మితే ఇక్కడ చేర్పించండి. చేర్పించేముందు ఒక ఆదివారం మీరూ వచ్చి వెనక బెంచీలో కూర్చోండి, డబ్బు అడగరు. రాగానే నోట్సు తెలుగులో ఎప్పుడిస్తారని సార్‌ను గట్టిగా అడగండి. నేనొక్కణ్ణే అడుగుతుంటే కదలిక రావడం లేదు.